ఐదో కాడ

మా అత్తగారు ముప్పై ఒక్క ఏళ్ళు చొక్కాలు కత్తిరించారు. కుట్టలేదు, కత్తిరించారు. ఆ తేడా తెలియని వాళ్ళెవరైనా "మీరు టైలరట కదండీ" అన్నారంటే వాళ్ళ పని అయిపోయినట్టే. "కటింగ్ మాస్టర్ని" అని ఒక్కో అక్షరం వత్తి మరీ చెప్పేవారు. రెడీమేడ్ చొక్కాల కార్ఖానాలో నలభై పొరల గుడ్డ పరిచి, కరెంటు కత్తితో ఒకే ఊపులో చంక వంపు తిప్పిన మనిషి. అక్కడ మగవాళ్ళతో సహా అందరూ ఆవిడని మాస్టారనే పిలిచేవారు. రిటైరయ్యాక ఆ పిలుపు ఇంటికి కూడా వచ్చేసింది. చిరాకేసినప్పుడు మా ఆయన కూడా "ఏం మాస్టారూ, మళ్ళీ ఏం తప్పు దొరికింది?" అంటారు కన్నతల్లిని పట్టుకుని.

మాది మూడో అంతస్తులో మూడు గదుల ఇల్లు. అందులో వెనక గది నాదీ కాదు, మా ఆయనదీ కాదు, మొక్కలది. నాలుగు అరల ఇనప ర్యాకులు మూడు, అర అరకీ ట్యూబులైట్లు. పొద్దున్న ఆరింటికి వెలిగితే సాయంత్రం ఆరింటికి ఆరిపోవాలి, నిమిషం అటూ ఇటూ కాకూడదు. అన్నీ ఆఫ్రికన్ వయొలెట్లే. అరచేతిలో పట్టేంత మొక్క, నూగుతో మెత్తగా ఉండే గుండ్రటి ఆకులు, మధ్యలోంచి లేచే సన్నటి కాడలు, కాడ చివర నాలుగైదు పువ్వులు. ఆకుల మీద నీటి చుక్క పడకూడదు. మధ్యలో లేతాకులుండే తల తడవకూడదు. ఎండ తగలకూడదు, ఫ్యాను వెయ్యకూడదు. ఈ ఇంట్లో నాకంటే వాటికే మర్యాదలు ఎక్కువని కాపురానికి వచ్చిన కొత్తలో అనుకున్నాను. తొమ్మిదేళ్ళయింది, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

మొదట్లో ఊరికే పెంచుతున్నారనుకున్నాను. కాదు, ఆవిడ పెళ్ళిళ్ళు చేయిస్తున్నారు! ఒక పువ్వు మధ్యలో ఉండే పసుపురంగు తిత్తులని కుట్టుసూదితో చీల్చి, రాలిన పుప్పొడిని టూత్‌పిక్ కొనతో తీసి, ఇంకో పువ్వుకి అద్దుతారు. ఎవరికి ఎవరిని కట్టబెట్టారో గుర్తుకి కాడకి ఓ రంగుదారం ముక్క కడతారు. కాయ ఎండడానికి ఐదు నెలలు. అందులో గింజలు ముక్కుపొడిలా ఉంటాయి, అవి చల్లే రోజున ఇంట్లో తుమ్మాలన్నా ఆవిడ అనుమతి కావాలి. మొలిచి పూయడానికి ఇంకో పది నెలలు. ఏడాది పైన కాచుకుని కూర్చుంటే తీరా పూసేది మామూలు ఊదా పువ్వు. ఆవిడ దాన్ని కిందా మీదా చూసి, "రెండో రకం" అని పక్కన పెట్టేస్తారు. బాగుందనిపించిన మొక్కకి మాత్రం కార్ఖానా నుంచి తెచ్చుకున్న కాలర్ సైజు లేబులు ఒకటి కుండీకి అంటిస్తారు. ముప్పై ఎనిమిది, నలభై, అలాగ.

ఆవిడకి కావాల్సింది చారల పువ్వు. తెల్లటి రేకు, రేకు మధ్యలో నిలువుగా ఒక్క ఊదా చార. ఎందుకంటే కార్ఖానాలో ఆవిడ పేరంతా చారల గుడ్డ మీదే వచ్చింది. చారల చొక్కాకి జేబు కుడితే, జేబు మీది చారా చొక్కా మీది చారా వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. కలవకపోతే ఆ చొక్కా రెండో రకం కింద పోతుంది. మా అత్తగారు కత్తిరించిన దాంట్లో రెండో రకం రాలేదట. ఇది ఆవిడ చెప్పుకోలేదు, కాజాలక్క చెప్పింది.

కాజాలక్కంటే మా అత్తగారి పక్క బల్ల మీద పాతికేళ్ళు గుండీలకి కాజాలు తీసినావిడ. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడంతస్తులూ ఎక్కి వచ్చేది. ఎక్కుతున్నంత సేపూ మెట్లని తిట్టేది, ఎక్కాక మా అత్తగారిని తిట్టేది, టీ తాగాక ఇద్దరూ కలిసి నన్ను తిట్టేవారు. ఆవిడ వంటగది కిటికీలో ఉన్న మొక్కలన్నీ మా ఇంటి ఆకులతో పెరిగినవే. వయొలెట్ ఆకు ఒకటి తుంచి మట్టిలో గుచ్చితే చాలు, దాని మొదట్లో పిల్ల మొక్కలు లేస్తాయి, అచ్చం తల్లిలాగే పూస్తాయి. అందుకే మా అత్తగారు ఎవరడిగినా తడి కాగితంలో చుట్టి ఒక ఆకు ఇచ్చి పంపేవారు. ఈ మధ్య కాజాలక్క కూడా టూత్‌పిక్ పట్టి పువ్వుల పెళ్ళిళ్ళు మొదలుపెట్టింది. "నీకంటే ముందు నేనే చార తెస్తాను చూడు మాస్టారూ" అని ఏడిపించేది.

ఏడేళ్ళు అయ్యాక, ఎదురుచూడని చోట వచ్చింది చార. ఊదా అంచున్న తెల్ల మొక్క ఒకటుండేది. దాని ఆకు నాటితే ఆరు పిల్లలు లేచాయి. ఐదు తల్లిలాగే పూశాయి. ఆరోదానికి అంచు లేదు. తెల్లటి రేకుల మధ్యలో, స్కేలు పెట్టి గీసినట్టు, ఊదా చార. మా అత్తగారు గుమ్మంలోకి వచ్చి "అమ్మాయ్, ఒకసారి ఇటు రా" అన్నారు. ఆ గొంతు విని ఎవరికో ఏదో అయిందనుకుని గరిటె చేత్తోనే పరిగెత్తాను. కుండీ మీద అప్పటికే లేబులు అంటించేశారు, నలభై రెండు. అదే మా ఆయన చొక్కా కొలత. అది ఆవిడ గమనించారో లేదో తెలీదు, నేను అడగలేదు.

"మొత్తం ఐదు కాడలున్నాయి. ఎవరూ ముట్టుకోకండి" అన్నారు. వెంటనే ఏడు ఆకులు తుంచి, ఏడు కుండీల్లో గుచ్చారు. మొక్కల సంఘం వాళ్ళు కొత్త రకాన్ని ఒప్పుకోవాలంటే ఒకేలా పూసిన మొక్కలు మూడు చూపించాలట. మూడు కాదు, ఏడు చూపిస్తానని ఆవిడ లెక్క.

ఇక నా ఘనకార్యం దగ్గరికి వస్తాను.

నేను ఒక రక్తపరీక్షల ల్యాబులో కౌంటర్లో కూర్చుంటాను. చీటీలు రాసి రిపోర్టులు ఇవ్వడం నా పని. మా అత్తగారి మొక్కల గురించి అక్కడ నేను చెప్పుకోని రోజు లేదు, వాళ్ళు వెక్కిరించని రోజూ లేదు. చారల పువ్వు ఫొటో చూపిస్తే, రక్తం తీసే సూది మేడం పగలబడి నవ్వింది. "కౌంటరమ్మా, ఫోన్లో నేను కూడా నా జుట్టుకి నీలం రంగు వేసుకోగలను" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు కోపం వస్తే ముందు చెయ్యి లేస్తుంది, బుద్ధి తర్వాత తీరిగ్గా వస్తుంది. సోమవారం పొద్దున్న మా అత్తగారు స్నానానికి వెళ్ళినప్పుడు, వెనక గదిలోకి వెళ్ళి ఒక కాడ మొదటికంటా తెంపి, టిఫిను డబ్బాలో దాచుకుని పట్టుకుపోయాను.

సూది మేడం నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఆ కాడని ఖాళీ పరీక్షగొట్టంలో నీళ్ళు పోసి, కిటికీ దగ్గర నిలబెట్టింది. వచ్చే పోయేవాళ్ళందరికీ చూపించింది. ఆ ఒక్క పూట నేను నేల మీద నడవలేదంటే నమ్మండి.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మా అత్తగారు ర్యాకు ముందు స్టూలేసుకుని కూర్చున్నారు.

"నాలుగే ఉన్నాయి" అన్నారు.

"ఏంటత్తయ్యా నాలుగు?"

"కాడలు. నువ్వేమైనా ముట్టుకున్నావా?"

అప్పుడే చెప్పేస్తే ఏమయ్యేది? తిట్టేవారు. మహా అయితే రెండ్రోజులు మాట్లాడేవారు కాదు. ఆ మాత్రానికి భయపడి, "నాకేం తెలుసత్తయ్యా" అన్నాను. అంత తేలిగ్గా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలీదు.

ఆవిడ కాసేపు ఆలోచించారు. ముందురోజు ఆదివారం. కాజాలక్క వచ్చింది. మా అత్తగారు టీ పెడుతున్నంత సేపూ ఆవిడ ఒక్కతే వెనక గదిలో ఉంది. "పుప్పొడి కోసం" అన్నారు మా అత్తగారు మెల్లగా. "కాడ తీసుకెళ్ళింది పుప్పొడి కోసం."

"ఛ, ఛ, కాజాలక్క పిన్ని అలాంటిది కాదత్తయ్యా" అన్నాను. అంతవరకే అన్నాను.

మిషన్ల మోతలో ముప్పై ఏళ్ళున్నారేమో, ఆవిడకి చెవులు కాస్త మందం. ఫోను ఎప్పుడూ స్పీకరు మీదే పెట్టి మాట్లాడతారు. అందుకని కాజాలక్కకి ఫోను చేసినప్పుడు వద్దన్నా అంతా విన్నాను.

"అడిగితే ఇచ్చేదాన్నిగా అక్కా" అన్నారు మా అత్తగారు. "పుప్పొడేగా. దొంగతనం దేనికి?"

"పాతికేళ్ళు నీ పక్కన కూర్చున్నాను మాస్టారూ" అంది కాజాలక్క. "నీ కత్తెర కూడా నిన్ను అడక్కుండా ముట్టుకోలేదు." ఫోను పెట్టేసింది.

ఆ ఆదివారం ఆవిడ రాలేదు. ఆ తర్వాత ఆదివారం కూడా రాలేదు. మూడు గంటలయ్యేసరికి మా అత్తగారు అలవాటు కొద్దీ రెండు కప్పులు తీసి, ఒకటి మళ్ళీ లోపల పెట్టేసేవారు. నేను తేలు కుట్టిన దొంగలా వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ ఉండేదాన్ని. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకునేదాన్ని. ఎన్ని రోజులు గడిస్తే చెప్పడం అంత కష్టమవుతుందని ఎవరికైనా తెలిసిందే, నాకు మాత్రం అనుభవం మీద తెలిసింది.

ఇంతలో ఆవిడకి దొంగ భయం పట్టుకుంది. నలభై రెండుని ర్యాకు మీంచి తీసి తన గదిలోకి మార్చారు. బీరువా పక్కన బల్ల మీద పెట్టి, పైన పెద్ద గాజు జాడీ ఒకటి బోర్లించారు. "దుమ్ము పడకుండా" అని మాకు చెప్పారు. ఎవరి చెయ్యీ పడకుండా అని మాకు అర్థమైంది. గ్యాసు మీటరు చూడ్డానికి వచ్చినవాణ్ణి కూడా ఆ గదిలోకి రానివ్వలేదు. పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి జాడీ ఎత్తి మట్టి వేలితో నొక్కి చూసేవారు. భయం కొద్దీ చూసుకున్న ప్రతిసారీ కాసిని నీళ్ళు పోసేవారు.

ఒకరోజు జాడీ లోపల అంతా ఆవిరి పట్టి ఉండడం చూశాను. ఆవిడ నేర్పిందే కదా, తల తడవకూడదని. "అత్తయ్యా, మొక్కకి గాలాడుతోందా?" అన్నాను. "నాకు చెప్పొచ్చావా?" అన్నారు. నిజం చెబితే జాడీ తీసేస్తారు. అది నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది. మా ఆయన బయట చెప్పులు విప్పుతున్న చప్పుడైతే, మళ్ళీ మింగేశాను.

మూడో నెలలో తల కుళ్ళింది. మధ్య ఆకులు గోధుమరంగుకి తిరిగి, ముట్టుకుంటే ఊడి చేతిలోకి వచ్చాయి. మా అత్తగారు ఆ గుప్పెడు ముద్దని కాగితం మీద పెట్టుకుని చాలా సేపు అలా చూస్తూ కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది. వచ్చిందని చూపించుకోవడానికి కూడా నాకు హక్కు లేదనిపించింది.

"పోనీలే" అన్నారు ఆవిడే. "ఆకుల పిల్లలున్నాయిగా."

ఉన్నాయి. ఏడు కుండీల్లోనూ పిల్లలు లేచాయి. ఆ పిల్లల మీదే ఇంటిల్లిపాదీ ప్రాణాలు పెట్టుకుని బతికాం. మా ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి, మొక్కల జోలికి ఎప్పుడూ పోరు. అలాంటిది పనికి వెళ్ళేముందు తొంగి చూసి "ఎంతవరకు వచ్చాయి?" అని అడగడం మొదలుపెట్టారు. తొమ్మిదో నెలలో మొదటి మొగ్గ కనిపించింది. నాలుగు రోజులు అందరం గట్టిగా ఊపిరి కూడా తియ్యలేదు.

అది విచ్చింది. ఊదా. ఒట్టి ఊదా. చార లేదు, అంచు లేదు.

"ఒకటి అలా పోతుందిలే" అన్నారు అత్తగారు. రెండోది ఊదా. మూడోది ఊదా. ఏడో కుండీ విచ్చిన రోజున ఆవిడ చూడ్డానికి కూడా లేవలేదు. "ఏం రంగు?" అని మంచం మీంచే అడిగారు. నేను చెప్పలేదు, అర్థం చేసుకున్నారు.

మర్నాడు పొద్దున్న సంఘం కార్యదర్శికి ఫోను చేశారు. స్పీకరు మీదే. నేను టిఫిను డబ్బా సర్దుకుంటున్నాను.

"అయ్యో, చారల రకం ఆకుతో రాదండీ" అన్నాడాయన. "మామూలు రకాలే ఆకుతో అచ్చు దిగుతాయి. చారలదైతే మొక్క తల తుంచి, పక్క పిలకలు లేపుకోవాలి."

"మొక్క పోయిందండీ."

"పోనీ దాని పూలకాడ ఏదైనా ఉంచారా? కాడ మధ్యలో రెండు చిట్టి ఆకులుంటాయి చూడండి. అక్కడిదాకా మట్టిలో గుచ్చితే పిల్ల లేస్తుంది, అచ్చం చారలతోనే వస్తుంది. ఒక్క కాడ ఉన్నా సరిపోయేదండీ."

"కాడలన్నీ వాడిపోయాక తుంచి పారేశానండీ" అన్నారు మా అత్తగారు. ఆవిడ గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు.

నా చేతిలో డబ్బా మూత జారి కింద పడింది.

ఆ కాడని సూది మేడం పారెయ్యలేదు! పూలు వాడిపోయినా కాడ పచ్చగానే ఉందని, కొత్త శాంపిలు డబ్బాలో గుమ్మం దగ్గరి కుండీ మట్టి నింపి, అందులో గుచ్చింది. "మూత్రపరీక్ష డబ్బాలో పూలతోట" అని ల్యాబంతా నవ్వుకున్నారు. అది చూసినప్పుడల్లా నాకు కాజాలక్క ముఖం గుర్తుకొచ్చి, ఆ కిటికీ వైపు చూడ్డమే మానేశాను. కొన్నాళ్ళకి ఏదో పచ్చగా లేచిందని ఎవరో అన్నట్టు గుర్తు. అప్పుడు కూడా చూడలేదు.

ఆటో ఎక్కి దారంతా గోళ్ళు కొరుక్కున్నాను. ల్యాబు కిటికీ ఖాళీగా ఉంది. రంగులు వేయించినప్పుడు అన్నీ తీసేశారట. సూది మేడం నాలుగు నెలల క్రితమే ఇంకో బ్రాంచికి మారిపోయింది. ఫోను చేస్తే ఎత్తదు. పది సార్లు చేశాను. కౌంటరు దగ్గర జనం అరుస్తున్నారు. ఒకరి రిపోర్టు ఇంకొకరికి ఇచ్చి, చీవాట్లు తిని, పదకొండింటికి కడుపునొప్పని చెప్పి బయటపడ్డాను. అది అబద్ధం కూడా కాదు.

ఆ బ్రాంచి ఊరికి అటు చివర. నేను వెళ్ళేసరికి సూది మేడం ఎవరి చేతికో రబ్బరు పట్టీ బిగిస్తోంది.

"నా కాడేది?" అన్నాను గుమ్మంలోంచే.

"ఏ కాడ?"

"డబ్బాలో గుచ్చారే, చారల పువ్వుది!"

"ఓ, అదా? మా ఇంట్లో ఉందమ్మా, వంటింటి కిటికీలో. డబ్బా చాలకపోతే చెవి విరిగిన కప్పులోకి మార్చాను. ఎందుకలా రొప్పుతున్నావు? కూర్చో, బీపీ చూస్తాను."

ఆవిడ పని అయ్యేదాకా బెంచీ మీద కూర్చున్నాను. ఉందంటోంది సరే, నిజంగా బతికే ఉందా? చూసేదాకా నమ్మకం లేదు. మధ్యాహ్నం భోజనానికి ఆవిడతో పాటు ఇంటికి వెళ్ళాను. కిటికీలో కప్పు. కప్పులో పక్కపక్కనే రెండు తలలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దదాని మధ్యలో నాలుగు మొగ్గలు, ఇంకా ఆకుపచ్చగా, గట్టిగా మూసుకుని ఉన్నాయి. అక్కడే ఏడ్చేశాను. సూది మేడం కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది.

తిరిగొస్తూ దారిలో ఒక దొంగ ఆలోచన వచ్చింది, దాచను. ర్యాకు వెనక ఏ మూలో పెట్టేసి, "అత్తయ్యా, ఇదేంటో చూడండి" అంటే? ఇంకో అబద్ధం, అంతే కదా. మెట్లెక్కుతుంటే మూడో అంతస్తు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. ఇదే మెట్లని తిట్టుకుంటూ ప్రతి ఆదివారం ఎక్కే మనిషి తొమ్మిది నెలలుగా ఎక్కడం లేదు.

మా అత్తగారు భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. కప్పు ఆవిడ ముందు పెట్టాను.

"ఇది నలభై రెండుది, అత్తయ్యా. ఐదో కాడ. ఆ రోజు తెంపింది నేను. ల్యాబులో చూపించుకోవడానికి పట్టుకెళ్ళాను. పిన్ని కాదు."

ఆవిడ ముందు మొక్కని చూశారు. కప్పు ఎత్తి, ఆకుల కింద చూసి, మట్టి నొక్కి చూశారు. "నీళ్ళు ఎక్కువ పోసిందెవరో" అన్నారు. తర్వాత నన్ను చూశారు.

"తొమ్మిది నెలలు నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నావు."

తిడతారని నిలబడ్డాను. తిట్టలేదు, అదే ఇంకా కష్టంగా ఉంది.

"కాడ తెంపింది నువ్వు" అన్నారు చివరికి. "అక్కని దొంగ అన్నది నేను. ఆ పేరు నువ్వు నాకు చెప్పలేదుగా."

లేచి పాత బ్లేడు తెచ్చుకున్నారు. రెండు తలల మధ్య వేళ్ళని విడదీసి, ఒక్క కోతతో వేరు చేశారు. రెండు కుండీల్లో నాటి, రెండింటికీ నలభై రెండు అనే లేబులే అంటించారు. పెద్దదాన్ని, మొగ్గలున్నదాన్ని, సంచిలో పెట్టి నా చేతికిచ్చారు.

"పద. అక్కకి ఇచ్చొద్దాం."

"మొగ్గలున్నది మనం ఉంచుకుందామత్తయ్యా. అదేం రంగో కూడా తెలీదు. పూసేదాకా ఆగుదాం."

"పూసేదాకా ఆగితే, పూసింది గనక వచ్చానని అనుకుంటుంది. ఇప్పుడే పద."

కాజాలక్క తలుపు తీసి, మా ఇద్దరినీ చూసి, లోపలికి రమ్మనలేదు. నేను గుమ్మం బయటే నిలబడి మొత్తం చెప్పాను. డబ్బాలో దాచడం, నాలుగే ఉన్నాయంటే నాకు తెలీదనడం, గాజు జాడీ, అన్నీ. మా అత్తగారు "దొంగ అన్నాక నీ ముఖం చూసే ధైర్యం లేక రాలేదక్కా ఇన్నాళ్ళూ. తప్పు నాది" అన్నారు. కాజాలక్క సంచి అందుకుంది.

"విన్నాను. వెళ్ళండి" అని తలుపేసుకుంది.

ఆ తర్వాత పదకొండు రోజులు మా ఇంట్లో గడియారం ఒక్కటే మాట్లాడింది. మా దగ్గరున్న చిన్న మొక్క వేరు కోతకి తట్టుకోలేకపోయింది. ఆకులు మూడో రోజుకి వేలాడాయి, ఎనిమిదో రోజుకి మెత్తబడ్డాయి, తొమ్మిదో రోజున మా అత్తగారే తీసి పారేశారు. ఇక మిగిలింది ఒక్కటే. అది మాతో మాట్లాడని మనిషి కిటికీలో ఉంది. నీళ్ళు పోస్తోందో లేదో, అసలు ఉంచుకుందో కోపంతో విసిరేసిందో, అడిగే ముఖం మాకు లేదు. ఫోను మోగితే ఇద్దరం ఉలిక్కిపడేవాళ్ళం. ఒకసారి కరెంటు బిల్లు వాళ్ళు, ఇంకోసారి రాంగ్ నంబరు.

పన్నెండో రోజు, ఆదివారం, మూడు గంటలకి మోగింది. మా అత్తగారు స్పీకరు నొక్కారు.

"మాస్టారూ."

"చెప్పక్కా."

"పూసింది."

నేను ఉండబట్టలేక "పిన్నీ, చారలున్నాయా?" అని అరిచాను.

"నువ్వుండవే కాడల దొంగా! మాస్టార్ని అడగనీ."

మా అత్తగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "చార రేకు మధ్యలో ఉందా? పక్కకి పోయిందా?" అన్నారు.

"మధ్యలోనే. ఐదు రేకులకీ ఐదు. జేబుకి కలిపినట్టు కలిశాయి. రెండో రకం కాదు మాస్టారూ."

మా అత్తగారు రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. ముప్పై ఒక్క ఏళ్ళు కరెంటు కత్తి దగ్గర వణకని చేతులు. నేను పక్కకి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను, తోసెయ్యలేదు.

"నీ చిన్నదెలా ఉంది?" అంది కాజాలక్క ఫోన్లోంచి.

"పోయిందక్కా."

అవతల నిట్టూర్పు వినిపించింది. "ఇక్కడ మూడు కాడలున్నాయి. నేను ఇస్తాననను. నువ్వే అప్పుడన్నావుగా, అడిగితే ఇచ్చేదాన్నని."

మా అత్తగారు ముఖం తుడుచుకుని, ఫోనుని రెండు చేతులతో దగ్గరికి లాక్కున్నారు.

"ఒక్క కాడ ఇస్తావా అక్కా?" అని అడిగారు.